అంకెల లెక్కలు, నాణేల లెక్కలు: ప్రైమరీ మ్యాథ్ పోటీలకు సమగ్ర మార్గదర్శి

ప్రైమరీ పిల్లల మ్యాథ్ పోటీల్లో రెండు రకాల వర్డ్ ప్రాబ్లమ్స్ పదే పదే వస్తుంటాయి. "ఒక రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం ఇంత. అంకెలు తారుమారు చేస్తే ఇంత పెరిగింది. ఆ సంఖ్య ఏది?" అనేది ఒకటి. "నాణేలు ఇన్ని, మొత్తం విలువ ఇంత. ఏ నాణేలు ఎన్ని?" అనేది రెండోది. వీటిని పిల్లలు వేరువేరు పాఠాలుగా చదువుతారు, వేరువేరు సూత్రాలు బట్టీ పడతారు. నిజానికి రెండూ ఒకటే లెక్క. 47 అంటే నాలుగు పదులు, ఏడు ఒకట్లు. వాటిని నాణేలు అనుకోండి: పది విలువ ఉన్నవి నాలుగు, ఒకటి విలువ ఉన్నవి ఏడు. అంకెల మొత్తం 11 అంటే నాణేలు మొత్తం 11 అన్నమాట. ఈ సంగతి ఒంటబడితే సగం సూత్రాలు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే ఉండదు.

ఇది 3 నుంచి 6వ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే అమ్మానాన్నల కోసం, టీచర్ల కోసం. చదివే అలవాటున్న పిల్లలు సొంతంగా కూడా చదువుకోవచ్చు. ఏ దేశపు డబ్బు అన్నది ఇక్కడ అనవసరం కాబట్టి విలువ 1 ఉన్న నాణేలను ఒకట్లు, 2 ఉన్నవాటిని రెండ్లు, 5 ఉన్నవాటిని ఐదులు, 10 ఉన్నవాటిని పదులు అంటాను.

ఎక్స్, వై జోలికి వెళ్లడం లేదు. సమీకరణాల మీద కోపమేమీ లేదు, వాటికి వేళ వస్తుంది. కానీ మరీ ముందే చేతికిస్తే పిల్లలు లెక్కలో ఏం జరుగుతోందో చూడటం మానేసి, గుర్తుల్ని అటూ ఇటూ జరపడంలో పడిపోతారు. పోటీ పేపర్ తయారుచేసేవాళ్లు పరీక్షించేది ఆ చూపునే.

మొదటి మెట్టు: 'ఎన్ని', 'ఎంత' విడదీయడం

నాణేల లెక్కలో పిల్లలు ఎక్కువగా తప్పేది కూడికల్లోనో భాగహారాల్లోనో కాదు. నాణేల సంఖ్యనీ, వాటి విలువనీ కలిపేయడం దగ్గర. "ఐదులు 30" అని రఫ్ వర్క్‌లో రాసుకుంటారు. ముప్పై నాణేలా, ముప్పై విలువా? రెండు లైన్లు దాటాక రాసిన పిల్లవాడికే తెలియదు. అందుకే లెక్క చదవగానే కాగితం మీద రెండు గడులు గీయించండి: ఒకదాని మీద 'ఎన్ని', రెండోదాని మీద 'ఎంత'. లెక్కలో కనిపించిన ప్రతి సంఖ్యా ఏదో ఒక గడిలోకే వెళ్లాలి. ఏ గడిలోకి వెళ్తుందో చెప్పలేకపోతే ఆ వాక్యం మళ్లీ చదవాలి.

ఈ లెక్క చూడండి:

ఒక డబ్బాలో రెండ్లు, ఐదులు కలిపి 20 నాణేలు ఉన్నాయి. మొత్తం విలువ 73. ఐదులు ఎన్ని?

'ఎన్ని' గడిలో 20. 'ఎంత' గడిలో 73. వీటి కింద ఇంకో లైన్ రాయించండి: "అడిగింది: ఐదులు ఎన్ని". పేపర్ తయారుచేసేవాళ్లు ఇదే లెక్కలో "ఐదుల మొత్తం విలువ ఎంత?" అని కూడా అడగగలరు, "రెండ్ల కన్నా ఐదులు ఎన్ని ఎక్కువ?" అని కూడా అడగగలరు. లెక్కంతా సరిగ్గా చేసి, అడగనిదానికి జవాబు రాసి వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు. ఈ ఒక్క లైను వాళ్లను కాపాడుతుంది.

రెండో మెట్టు: అన్నీ ఒకటే అనుకోవడం, ఒక్కటి మార్చి చూడటం

మొత్తం 20 నాణేలూ రెండ్లే అనుకుందాం. విలువ 40. ఉండాల్సింది 73. అంటే 33 తక్కువ పడింది.

ఇప్పుడు ఒక్క రెండు తీసేసి దాని స్థానంలో ఒక ఐదు పెట్టండి. నాణేల సంఖ్య మారలేదు, ఇంకా 20. విలువ మాత్రం 3 పెరిగింది. మరి 33 పెరగాలంటే ఇలాంటి మార్పులు ఎన్ని చేయాలి? 33 ÷ 3 = 11. ఐదులు 11, రెండ్లు 9. సరిచూస్తే 55 + 18 = 73.

అటు నుంచి కూడా చేయించండి. అన్నీ ఐదులే అనుకుంటే 100. 27 ఎక్కువైంది. ఒక్కో ఐదుని రెండుగా మారిస్తే 3 తగ్గుతుంది. 27 ÷ 3 = 9 రెండ్లు. రెండు వైపుల నుంచీ ఒకే చోటికి వచ్చినప్పుడు పిల్లలకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం కూడా తెలుస్తుంది: అన్నీ రెండ్లే అనుకుని మొదలుపెడితే ముందు వచ్చేది ఐదుల సంఖ్య. చాలామంది ఇక్కడే తడబడి 11 రెండ్లు అని రాసేస్తారు. "ఎన్నిసార్లు మార్చాం? మార్చినప్పుడు కొత్తగా వచ్చిన నాణెం ఏది?" అని అడిగితే చాలు, వాళ్లే సర్దుకుంటారు.

ఈ ఆలోచన చాలా పాతది. క్రీ.శ. 3-5 శతాబ్దాల మధ్య నాటిదని చెప్పే చైనా గణిత గ్రంథం సున్‌జీ సువాన్‌జింగ్‌లో ఇలాంటి లెక్కే ఉంది. ఒక పంజరంలో కోళ్లు, కుందేళ్లు ఉన్నాయి. తలలు 35, కాళ్లు 94. ఏవి ఎన్ని? అన్నీ కోళ్లే అనుకుంటే కాళ్లు 70. ఇంకా 24 కావాలి. కోడిని తీసి కుందేలుని పెట్టిన ప్రతిసారీ 2 కాళ్లు పెరుగుతాయి. కుందేళ్లు 12, కోళ్లు 23. ఆ గ్రంథంలో ఇచ్చిన దారి ఇంకా ముచ్చటగా ఉంటుంది: కాళ్లను సగం చేస్తే 47, అందులోంచి 35 తలలు తీసేస్తే 12 కుందేళ్లు. ఎందుకు అలా వచ్చిందో పిల్లల్నే కనుక్కోమనండి. సగం చేశాక కోడికి ఒక కాలు, కుందేలుకి రెండు కాళ్లు మిగులుతాయి. తలల కన్నా ఎక్కువున్న ప్రతి కాలూ ఒక కుందేలుదే.

భాగహారం తెగకపోతే?

పై లెక్కలో మొత్తం 73 బదులు 74 ఇచ్చారనుకోండి. 34ని 3తో భాగిస్తే శేషం 1 మిగులుతుంది. అంటే అలాంటి డబ్బా ఉండదు. పిల్లలు ఇక్కడ టెన్షన్ పడి, తామేదో తప్పు చేశామనుకుని మళ్లీ మొదటికి వెళ్తారు. తెగకపోవడం కూడా ఒక సమాచారమే. పోటీల్లో దాన్నే ప్రశ్నగా ఇవ్వవచ్చు: "20 నాణేలు, అన్నీ రెండ్లు లేదా ఐదులు. కింది వాటిలో ఏది మొత్తం విలువ కాలేదు: 61, 67, 72, 88?" ప్రతిదానిలోంచి 40 తీసేయండి: 21, 27, 32, 48. వీటిలో 3తో భాగించబడనిది 32 ఒక్కటే. జవాబు 72. ఏ నాణేలు ఎన్నో ఒక్కదానికీ లెక్కకట్టలేదు.

దీన్నే ఒక మెట్టు పైకి తీసుకెళ్దాం. విలువలు 1, 5, 25 ఉన్న నాణేలు 25 వాడి సరిగ్గా 100 చేయగలమా? అన్నీ ఒకట్లే అనుకుంటే 25. ఒకటి తీసి ఐదు పెడితే 4 పెరుగుతుంది. ఒకటి తీసి 25 పెడితే 24 పెరుగుతుంది. రెండూ 4 గుణిజాలే. మనకు కావాల్సిన పెరుగుదల 75, అది 4 గుణిజం కాదు. కాబట్టి కుదరదు. 24 నాణేలైతే? కావాల్సింది 76. నాలుగుతో భాగిస్తే 19. ఐదులు 19, ఒకట్లు 5 తీసుకుంటే 95 + 5 = 100, నాణేలు 24. కుదిరింది. 25 నాణేల లెక్కను సరి-బేసితో కూడా తేల్చవచ్చు: బేసి విలువలున్న నాణేలు బేసి లెక్కలో ఉంటే మొత్తం బేసే అవుతుంది, 100 సరి. పిల్లలకు రెండు దారులూ చూపించండి.

ఇప్పుడు అంకెల లెక్కల్లోకి

ఒక రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 11. అంకెలు తారుమారు చేస్తే సంఖ్య 27 పెరుగుతుంది. ఆ సంఖ్య ఏది?

దీన్ని నాణేల భాషలో చదవండి. పదులు, ఒకట్లు కలిపి 11. ఒక ఒకటి తీసి పది పెడితే విలువ 9 పెరుగుతుంది. అంకెల మొత్తం మారదు. దీన్ని కళ్లతో చూడాలంటే అంకెల మొత్తం 11 అయ్యే రెండంకెల సంఖ్యలన్నీ వరుసగా రాయించండి:

29, 38, 47, 56, 65, 74, 83, 92

పక్కపక్క సంఖ్యల మధ్య తేడా ఎప్పుడూ 9. తారుమారు చేయడమంటే ఈ వరుసలో ఇటు చివరి నుంచి లెక్కిస్తే ఎన్నో స్థానంలో ఉందో, అటు చివరి నుంచి అన్నో స్థానంలోకి దూకడం. 27 పెరగాలంటే మూడు అడుగులు వేయాలి. 47 నుంచి మొదలుపెడితే 56, 65, 74. జవాబు 47.

ఈ వరుస చూశాక సూత్రం దానంతటదే వస్తుంది: రెండంకెల సంఖ్యకీ, దాని తారుమారుకీ మధ్య తేడా, అంకెల మధ్య తేడాకి 9 రెట్లు. ఇక్కడ అంకెల తేడా 3, మొత్తం 11, కాబట్టి అంకెలు 7, 4. మూడంకెల సంఖ్యని తిరగేస్తే వందల స్థానంలోదీ ఒకట్ల స్థానంలోదీ చోట్లు మార్చుకుంటాయి, మధ్యది కదలదు. అక్కడ ఒక్కో అడుగు 99. రెండంకెల సంఖ్యకి దాని తారుమారుని కూడితే ప్రతి అంకె ఒకసారి పదుల్లో, ఒకసారి ఒకట్లలో వస్తుంది కాబట్టి మొత్తం ఎప్పుడూ 11 గుణిజమే.

ఇప్పుడు ఇదే లెక్కని మళ్లీ నాణేల్లోకి తిప్పి ఇవ్వండి: "రెండ్లు, ఐదులు కలిపి 16 నాణేలు. రెండ్లు ఎన్ని ఉన్నాయో అన్ని ఐదులు, ఐదులు ఎన్ని ఉన్నాయో అన్ని రెండ్లు ఉంటే మొత్తం 18 పెరిగేది. ఇప్పుడు ఏవి ఎన్ని?" చదవడానికి చిక్కుముడిలా ఉంటుంది కానీ ఇది అంకెలు తారుమారు చేయడమే. అడుగు 9 కాదు, 3. 18 ÷ 3 = 6, అంటే సంఖ్యల తేడా 6, మొత్తం 16. కాబట్టి 11, 5. తారుమారు చేస్తే పెరిగింది కాబట్టి ఎక్కువున్నవి రెండ్లు: 11 రెండ్లు, 5 ఐదులు. విలువ 47. మార్చాక 5 రెండ్లు, 11 ఐదులు, విలువ 65. తేడా 18. ఒక పిల్లవాడు ఈ రెండు లెక్కల మధ్య చుట్టరికం తనంతట తాను పట్టుకున్నాడంటే, ఈ పాఠంలో అసలు పని అయిపోయినట్టే.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైన లెక్క. "ఒక రెండంకెల సంఖ్య దాని అంకెల మొత్తానికి 4 రెట్లు. అలాంటివి ఎన్ని?" మొత్తం విలువ నాణేల సంఖ్యకి 4 రెట్లు అంటే నాణేనికి సగటున 4 పడుతుందని. పది విలువ నాణెం 4 కన్నా 6 ఎక్కువ. ఒకటి విలువ నాణెం 4 కన్నా 3 తక్కువ. ఒక పది తెచ్చే 6 ఎక్కువని సరిచేయడానికి రెండు ఒకట్లు కావాలి. అంటే ఒకట్ల అంకె పదుల అంకెకి రెట్టింపు: 12, 24, 36, 48. మొత్తం నాలుగు. 4 రెట్లు బదులు 7 రెట్లు అంటే? పది 3 ఎక్కువ, ఒకటి 6 తక్కువ. రెండు పదులకి ఒక ఒకటి: 21, 42, 63, 84. పై నాలుగింటినీ తిరగేసినట్టే వచ్చాయి.

మూడు రకాల నాణేలు వచ్చినప్పుడు

మూడు రకాలు కనిపించగానే భయపడక్కర్లేదు. లెక్కలో వాటి మధ్య సంబంధం ఇచ్చారా అని ముందు చూడండి. ఇస్తే కట్టలు కట్టాలి.

ఐదులు రెండ్లకి రెట్టింపు ఉన్నాయి. పదులు రెండ్ల కన్నా 3 ఎక్కువ. మొత్తం విలువ 96. ఏవి ఎన్ని?

ముందు ఆ అదనపు మూడు పదుల్ని పక్కన పెట్టేయండి. 96లో 30 పోతే 66. ఇప్పుడు పదులు రెండ్లతో సమానం. ఒక రెండు, రెండు ఐదులు, ఒక పది కలిపి ఒక కట్ట. కట్ట విలువ 22. 66లో మూడు కట్టలు. రెండ్లు 3, ఐదులు 6, పదులు 3 + 3 = 6. సరిచూస్తే 6 + 30 + 60 = 96. అదనంగా ఉన్నది తీసేయాలి, తక్కువున్నది కలపాలి, ఆ తర్వాతే కట్టలు. ఈ వరుస తప్పితే లెక్క తేలదు.

సంబంధం ఏమీ ఇవ్వకపోతే శేషం మీద ఆధారపడాలి. "ఒకట్లు, ఐదులు, పదులు కలిపి 8 నాణేలు, మొత్తం 34." ఐదులు, పదులు ఎన్నున్నా వాటి విలువ 5 గుణిజమే. 34ని 5తో భాగిస్తే శేషం 4. కాబట్టి ఒకట్లు 4 లేదా 9. ఉన్నవే 8 కాబట్టి 4. మిగిలింది 4 నాణేలు, విలువ 30. ఇక ఇది మామూలు లెక్కే: అన్నీ ఐదులైతే 20, ఇంకా 10 కావాలి, ఒక్కో మార్పుకి 5, కాబట్టి పదులు 2, ఐదులు 2.

ఎన్ని రకాలుగా?

"రెండ్లు, ఐదులు, పదులతో 30 ఎన్ని రకాలుగా చేయవచ్చు?" ఇలాంటి ప్రశ్నలో తోచినట్టు రాసుకుంటూ పోతే ఒకటో రెండో తప్పక జారిపోతాయి. ఎప్పుడూ పెద్ద నాణెం నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే దానికి అవకాశాలు తక్కువ.

పదులు 3 అయితే మిగిలేది 0, ఒక రకం. పదులు 2 అయితే మిగిలేది 10. మిగిలింది రెండ్లతో నిండాలంటే ఐదులు సరి సంఖ్యలో ఉండాలి: 0 లేదా 2, రెండు రకాలు. పదులు 1 అయితే మిగిలేది 20: ఐదులు 0, 2, 4, మూడు రకాలు. పదులు లేకపోతే 30: ఐదులు 0, 2, 4, 6, నాలుగు రకాలు. మొత్తం 1 + 2 + 3 + 4 = 10.

ఇదే ప్రశ్నలో "ప్రతి రకం నాణెం కనీసం ఒక్కటైనా ఉండాలి" అన్న వాక్యం కలిపితే జవాబు 10 నుంచి 1కి పడిపోతుంది: ఒక పది, రెండు ఐదులు, ఐదు రెండ్లు. "కనీసం" లాంటి మాట చదివేటప్పుడు ఎంత తేలిగ్గా జారిపోతుందో, మార్కు కూడా అంత తేలిగ్గా పోతుంది. అలాంటి మాట కింద గీత గీసే అలవాటు చేయించండి.

చెల్లించలేని మొత్తాలు

విలువ 3, విలువ 5 ఉన్న నాణేలు కావాల్సినన్ని ఉన్నాయి. చిల్లర తిరిగి ఇవ్వరు. చెల్లించలేని మొత్తాల్లో అన్నిటికన్నా పెద్దది ఏది?

1, 2, 4, 7 కుదరవు. 8 = 3 + 5, 9 = 3 + 3 + 3, 10 = 5 + 5. వరుసగా మూడు మొత్తాలు కుదిరాయంటే ఇక ఆగాల్సిన పనిలేదు: వాటికి ఒక్కో 3 కలుపుతూ పోతే 11, 12, 13, ఆ పైన అన్నీ వస్తాయి. జవాబు 7. చిన్న నాణెం విలువ ఎంతో, వరుసగా అన్ని మొత్తాలు కుదిరేదాకా చూడాలి. ఎక్కడ ఆగాలో తెలియడమే ఇందులో కిటుకు.

రెండు విలువలకీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతే ఆ పెద్ద మొత్తం ఎప్పుడూ లబ్ధంలోంచి రెండు విలువలూ తీసేస్తే వచ్చేదే: 15 − 3 − 5 = 7. అసలు చెల్లించలేని మొత్తాలు ఎన్ని అన్నదానికీ ఒక లెక్క ఉంది: రెండు విలువల్లోంచి ఒక్కొక్కటి తీసి గుణించి సగం చేయాలి. 2 × 4 = 8, సగం 4. పైన మనకు దొరికినవి నాలుగే. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ గణితవేత్త జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ పేరు ఈ ఫలితంతో ముడిపడి ఉంది. సూత్రం పిల్లలకు చెప్పండి, కానీ 4, 7 నాణేలతో ఒకసారి చేతితో చేయించాకే చెప్పండి. అక్కడ 17 వస్తుంది. 4, 6 నాణేలైతే బేసి మొత్తాలు ఏవీ రావు కాబట్టి "అన్నిటికన్నా పెద్దది" అనేదే ఉండదు.

చిన్నవే కానీ తరచుగా వచ్చేవి

వరుస సంఖ్యలు: ఐదు వరుస సంఖ్యల మొత్తం 135 అంటే మధ్యది 27. నాలుగు వరుస సంఖ్యల మొత్తం 90 అంటే సగటు 22.5, దానికి అటు రెండు, ఇటు రెండు: 21, 22, 23, 24. నాలుగు వరుస సంఖ్యల మొత్తం ఎప్పటికీ 4 గుణిజం కాదు.

పేజీల నంబర్లు: 1 నుంచి 9 వరకు 9 అంకెలు, 10 నుంచి 99 వరకు 180. నంబర్లు వేయడానికి మొత్తం 342 అంకెలు వాడితే 342 − 189 = 153, ఒక్కో పేజీకి 3 చొప్పున 51 పేజీలు. 100 నుంచి 51 పేజీలంటే చివరి పేజీ 150. దీన్ని 151 అని రాసేవాళ్లుంటారు. 37 నుంచి 92 వరకు ఎన్ని సంఖ్యలన్న ప్రశ్నలో తీసివేశాక 1 కలపడం మరిచిపోయేవాళ్లు చేసేదీ ఇలాంటి తప్పే.

అంకెల మొత్తం 23 అయ్యే అతి చిన్న సంఖ్య: కుడి నుంచి 9లు నింపుకుంటూ రండి, 599. అంకెలన్నీ వేరువేరుగా ఉండాలంటే 689.

ఇచ్చిపుచ్చుకోవడం: రెండు డబ్బాల్లో కలిపి 40 నాణేలు. మొదటి దాంట్లోంచి 6 తీసి రెండో దాంట్లో వేస్తే రెండూ సమానం. మొదట తేడా 6 అనుకుంటే తప్పు, 12. ఒక నాణెం కదిలిన ప్రతిసారీ ఒకవైపు తగ్గి, ఇంకోవైపు పెరుగుతుంది కాబట్టి తేడా 2 మారుతుంది. డబ్బాల్లో 26, 14.

పరీక్ష హాల్లో

జవాబు వచ్చాక సరిచూడటం అంటే రఫ్ వర్క్ మళ్లీ చదవడం కాదు. ప్రశ్నలోని వాక్యాలను ఒక్కొక్కటే తీసుకుని జవాబుని అందులో పెట్టి చూడాలి. రఫ్ వర్క్‌లో తప్పు ఉంటే దాన్ని మళ్లీ చదివినా అదే తప్పు కళ్లకి కరెక్ట్‌గా కనిపిస్తుంది.

ఏఎంసీ 8 (అమెరికాలో 8వ తరగతి, అంతకు కింది తరగతుల పిల్లలకు పెట్టే గణిత పోటీ) లాంటి పరీక్షలో 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు ఆప్షన్లు, తప్పు జవాబుకి మార్కులు కోయరు. అక్కడ శేషాలు బాగా పనికొస్తాయి. తారుమారు తేడా అడిగితే 9 గుణిజం కాని ఆప్షన్లు కొట్టేయండి, తారుమారు మొత్తం అడిగితే 11 గుణిజం కానివి కొట్టేయండి. ఏదీ ఖాళీగా వదలొద్దు. ఆప్షన్లు లేకుండా జవాబే రాయమనే పోటీల్లో మాత్రం ఈ సౌకర్యం ఉండదు, కాబట్టి ఇంట్లో సాధన ఆప్షన్లు లేకుండానే చేయించడం మంచిది.

సాధనకు కొన్ని

ముందు కాగితం మీద చేశాకే జవాబులు చూడండి.

1. ఐదులు, పదులు కలిపి 15 నాణేలు, మొత్తం 110. ఏవి ఎన్ని?

2. రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 9. తారుమారు చేస్తే 45 తగ్గుతుంది. సంఖ్య ఏది?

3. విలువ 5, విలువ 6 ఉన్న నాణేలతో చెల్లించలేని మొత్తాల్లో పెద్దది ఏది?

4. నాలుగు వరుస సరి సంఖ్యల మొత్తం 100. వాటిలో చిన్నది ఏది?

జవాబులు: మొదటిది, 7 పదులు, 8 ఐదులు. రెండోది 72; ఇక్కడ తారుమారు చేస్తే తగ్గుతోంది కాబట్టి పెద్ద అంకె పదుల స్థానంలో ఉంటుంది, 27 రాసినవాళ్లు ప్రశ్న మళ్లీ చదవాలి. మూడోది 19; 20 నుంచి 24 వరకు ఐదు మొత్తాలూ ఎలా వస్తాయో రాసి చూపిస్తేనే జవాబు పూర్తయినట్టు. నాలుగోది 22, సగటు 25, సరి సంఖ్యలు రెండేసి దూరంలో ఉంటాయి కాబట్టి దానికి అటూ ఇటూ 24, 26, ఆ పక్కన 22, 28.